ఎన్ని సెట్లు, ఎన్ని రెప్స్? బరువులెత్తేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

విజయనగరంలో నేను వెళ్ళే జిమ్ చిన్నది. రెండు స్క్వాట్ రాక్‌లు, నాలుగు రాడ్లు, ఒక మూల సుద్దపొడి డబ్బా, అంతే. పొద్దున్న ఐదున్నరకి తలుపు తీస్తారు. కొత్తగా చేరిన కుర్రాళ్ళు వారం తిరక్కుండానే "అన్నా, ఎన్ని సెట్లు కొట్టాలి, ఎన్ని రెప్స్ కొట్టాలి" అని పట్టుకుంటారు. ఏళ్ళ తరబడి అవే సందేహాలు, ఇప్పుడు ఫోన్‌లో శ్రీకాకుళం వైపు నుంచి కూడా అవే. అందుకే ఒకచోట రాసిపెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి. కండలు చూపించే పోటీల గురించి నాకు పెద్దగా అనుభవం లేదు, ఇదంతా బలం పెంచుకోవాలని స్క్వాట్ (భుజాల మీద రాడ్‌తో కూర్చుని లేవడం), బెంచ్ (బల్ల మీద పడుకుని రాడ్‌ని పైకి నెట్టడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీది రాడ్‌ని పట్టుకుని నిటారుగా నిలబడటం), స్నాచ్ (నేల మీద నుంచి ఒకే ఊపులో తల పైకి ఎత్తడం) లాంటివి బరువుగా చేసేవాళ్ళ కోసం.

## మొదలుపెట్టే ముందు

రెప్ అంటే ఏంటి, సెట్ అంటే ఏంటి? 5x3 అని రాస్తే ఏది సెట్లు, ఏది రెప్స్?

బరువుని ఒకసారి దింపి ఎత్తితే ఒక రెప్. ఆగకుండా చేసిన రెప్స్ అన్నీ కలిపి ఒక సెట్. మన దగ్గర ఎక్కువమంది 5x3 అంటే 5 సెట్లు, ఒక్కో సెట్‌లో 3 రెప్స్ అని రాస్తారు, కానీ తిరగేసి రాసేవాళ్ళూ ఉన్నారు, కాబట్టి వేరేవాళ్ళ షెడ్యూల్ తీసుకున్నప్పుడు ఒక మాట అడిగి తెలుసుకోండి. 10 సెట్లు 3 రెప్స్‌కీ, 3 సెట్లు 10 రెప్స్‌కీ ఎత్తవలసిన బరువులో చాలా తేడా ఉంటుంది.

బలానికి తక్కువ రెప్స్, కండకి ఎక్కువ రెప్స్ అంటారు. నిజమేనా?

సగం నిజం. కండ పెరగడానికి ఫలానా రెప్స్ అనే గిరి ఏమీ లేదు. 5 రెప్స్‌తోనూ పెరుగుతుంది, 20 రెప్స్‌తోనూ పెరుగుతుంది, కాకపోతే సెట్ చివరికి వచ్చేసరికి కష్టంగా ఉండాలి. బలం సంగతి వేరు. 100 కిలోలు ఎత్తాలంటే 100కి దగ్గరగా ఉన్న బరువులు ఒంటికి అలవాటు కావాలి. ఎందుకంటే బలం ఒక్క కండలోనే ఉండదు, మెదడు ఒకేసారి ఎంత కండని పనిలోకి దించగలదు, పాదం, నడుం, భుజం ఒకదానికొకటి ఎంత బాగా అందుకుంటాయి అన్నదాని మీద కూడా ఉంటుంది, అది బరువు మీదే వచ్చే నేర్పు. అందుకే బలం కావాలనుకునేవాళ్ళ ముఖ్యమైన సెట్లు 1 నుంచి 6 రెప్స్ మధ్య ఉంటాయి. ఆ తర్వాత చేసే చిన్నా చితకా వ్యాయామాలు 8 నుంచి 12 చేసుకోండి, కీళ్ళకి హాయిగా ఉంటుంది.

ఎక్కడ చూసినా 3 సెట్లు 10 రెప్స్ అంటారు. అది ఎవరు పెట్టిన లెక్క?

దీని వెనక కథ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ అమెరికా సైనికుల కాళ్ళకి బలం తిరిగి తెప్పించడానికి థామస్ డిలార్మ్ అనే సైనిక వైద్యుడు బరువులతో వ్యాయామం చేయించారు. 1945లో ఆయన ప్రచురించిన పద్ధతిలో పదేసి రెప్స్‌తో ఏడు నుంచి పది సెట్ల దాకా ఉండేవి. అన్ని అక్కర్లేదని అనుభవం మీద తేలి, 1948లో వాట్కిన్స్ అనే ఇంకో వైద్యుడితో కలిసి దాన్ని 3 సెట్లకి తగ్గించారు. మొదటి సెట్ సగం బరువుతో, రెండోది ముప్పావు బరువుతో, మూడోది పూర్తి బరువుతో, అన్నీ పదేసి రెప్స్. ఇప్పుడు ప్రతి జిమ్ గోడ మీదా కనిపించే 3x10కి మూలం అదే.

అది మంచి పద్ధతే, దెబ్బ తగిలి మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళకి ఇప్పటికీ పనికొస్తుంది. కానీ ఆ సైనికులది ఆసుపత్రిలో కోలుకుంటున్న కాలు, మీది 120 కిలోలతో స్క్వాట్ చెయ్యాలన్న కోరిక. పని వేరైనప్పుడు లెక్క కూడా వేరవుతుంది కదా.

నా మాక్స్, అంటే ఒక్కసారి ఎత్తగలిగే అతి పెద్ద బరువు, ఎంతో తెలీదు. అంత బరువూ ఎత్తి చూడకుండా తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు, కొత్తవాళ్ళు అలా తెలుసుకోవడమే మంచిది. శుభ్రంగా 5 రెప్స్ చెయ్యగలిగిన బరువు తీసుకోండి. ఆ బరువుని రెప్స్‌తో గుణించి, 30తో భాగించి, వచ్చినదాన్ని మళ్ళీ ఆ బరువుకే కలపండి. 60 కిలోలతో 5 చేశారనుకోండి, 60 ఇంటూ 5 అంటే 300, 30తో భాగిస్తే 10, మొత్తం 70. అంటే ఒక్క రెప్‌కి మీరు దాదాపు 70 ఎత్తగలరు. దీన్ని ఎప్లీ సూత్రం అంటారు. 3 నుంచి 6 రెప్స్ మధ్య చేసిన సెట్‌తో లెక్క వేస్తే బాగా దగ్గరగా వస్తుంది, పది దాటిన సెట్‌తో వేస్తే నమ్మలేం, ఊపిరి తట్టుకునేవాళ్ళకి ఒకలా, తట్టుకోలేనివాళ్ళకి ఒకలా వస్తుంది.

మా జిమ్‌లో రాడ్ ఎన్ని కిలోలో ఎవరికీ తెలీదు. లెక్క ఎలా రాసుకోను?

తూకం వెయ్యండి. పోటీల్లో వాడే మగవాళ్ళ రాడ్ 20 కిలోలు, ఆడవాళ్ళది 15. కానీ మన ఊళ్ళల్లో చిన్న జిమ్‌లలో ఉండేవి చాలావరకు లోకల్‌గా చేయించినవి, 8 కిలోలది ఉంటుంది, 12ది ఉంటుంది, బయటికి చూస్తే అన్నీ ఒకలాగే ఉంటాయి. మేం మా నాలుగు రాడ్లూ పక్క వీధిలో బియ్యం కొట్టుకి మోసుకెళ్ళి, బస్తాలు తూచే కాటా మీద పెట్టించాం. అందరూ 20 అనుకుంటున్న రాడ్ 14 కిలోల 300 గ్రాములు తూగింది. రెండేళ్ళుగా పుస్తకంలో రాసుకున్న ప్రతి అంకె దాదాపు 6 కిలోలు ఎక్కువే! ఇప్పుడు రాడ్ల చివర తెల్ల పెయింట్‌తో బరువు రాసి ఉంచాం. పాత ప్లేట్లు కూడా తూచుకోండి, 10 అని పోతపోసి ఉన్నది తొమ్మిదిన్నర ఉండొచ్చు.

## మొదటి ఆరు నెలలు

నిన్ననే చేరాను. దేనితో మొదలుపెట్టమంటారు?

వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విరామం. ప్రతి రోజూ ఒక కాళ్ళ వ్యాయామం, ఒక నెట్టేది, ఒక లాగేది. అంటే స్క్వాట్, బెంచ్ లేదా తల మీదకి ప్రెస్, రోయింగ్ లేదా డెడ్‌లిఫ్ట్. మొదటి రెండు మూడు వారాలు 3 సెట్లు 8 రెప్స్, తేలిక బరువుతో, కదలిక నేర్చుకోవడానికి. ఆ తర్వాత 3 సెట్లు 5 రెప్స్. ఐదు ఎందుకంటే, అది బలం వచ్చేంత బరువూ, నేర్చుకునేంత సాధనా రెండూ కుదిరే అంకె. పదిహేను రెప్స్ చేస్తే పన్నెండోదానికి అలసిపోయి నడుం వంగుతుంది, ఒంటికి ఆ వంకర కదలికే అలవాటైపోతుంది. ఒక్కో రెప్ చేస్తే నేర్చుకునే అవకాశమే తక్కువ.

ఒక నోటు పుస్తకం కొనుక్కోండి. తేదీ, వ్యాయామం, బరువు, సెట్లు, రెప్స్. ఫోన్‌లో రాసుకున్నా పర్లేదు కానీ ఫోన్ తీస్తే ఇంకేదో చూస్తాం, పుస్తకానికి ఆ ఇబ్బంది లేదు.

వార్మప్ సెట్లు లెక్కలోకి వస్తాయా? ఎన్ని చెయ్యాలి?

లెక్కలోకి రావు, కానీ ఎగ్గొట్టకూడదు. ఆ రోజు పని బరువు 80 కిలోల స్క్వాట్ అనుకోండి. ఖాళీ రాడ్‌తో 8 రెప్స్, 40తో 5, 55తో 3, 70తో ఒకటి, ఆ తర్వాత 80తో అసలు సెట్లు. బరువు పెరిగేకొద్దీ రెప్స్ తగ్గాయి చూడండి. ఒళ్ళు వేడెక్కాలి కానీ అలిసిపోకూడదు. కొంతమంది 40తో 12, 60తో 12, 70తో 10 కొట్టి, అసలు బరువు దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు వణుకుతున్నాయని బాధపడతారు. బలమంతా వార్మప్‌లోనే ఖర్చయిపోయింది మరి.

సెట్‌కీ సెట్‌కీ మధ్య ఎంతసేపు ఆగాలి? నిమిషం దాటితే కోచ్ అరుస్తున్నారు.

బరువు సెట్లకి 3 నుంచి 5 నిమిషాలు. గట్టిగా ఎత్తే పది క్షణాల పనికి కండలో నిలవ ఉండే ఇంధనం, దాన్ని ఫాస్ఫోక్రియాటిన్ అంటారు, సెట్ అయ్యేసరికి బాగా తగ్గిపోతుంది, తిరిగి చాలావరకు నిండటానికి మూడు నిమిషాల దాకా పడుతుంది. నిమిషానికే మళ్ళీ రాడ్ కిందకి వెళ్తే మొదటి సెట్ 5 వస్తుంది, రెండోది 4, మూడోది 2. కోచ్ గారిని తప్పు పట్టడం లేదు, కొవ్వు తగ్గాలని వచ్చేవాళ్ళకి తక్కువ విరామం పెట్టిస్తారు, జిమ్ నిండా జనం ఉన్నప్పుడు రాక్ ఖాళీ చెయ్యాలి కూడా. "మాస్టారూ, నేను బలం కోసం చేస్తున్నాను, ఇద్దరం కలిసి ఒకే రాక్ మీద మార్చి మార్చి చేసుకుంటాం" అని చెప్పండి. ముగ్గురు వంతులవారీగా చేస్తే మీ వంతు వచ్చేసరికి విరామం దానంతటదే సరిపోతుంది. చేతులకీ, పిక్కలకీ చేసే చిన్న వ్యాయామాలకి మాత్రం నిమిషం, నిమిషంన్నర చాలు.

ఇక ఒక్కటి కూడా రాదు అనేదాకా చేస్తేనే కదా పెరిగేది?

అందరికన్నా ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, అందరికన్నా ఎక్కువమందిని దెబ్బతీసిందీ ఇదే. నేను కూడా అలాగే అనుకున్నాను. ఒక రోజు డెడ్‌లిఫ్ట్ 110తో 5 అని రాసుకుని వెళ్ళాను. ఐదూ వచ్చాయి, ఐదోది మోకాళ్ళ దగ్గర ఒక క్షణం ఆగి మరీ వచ్చింది. పక్కనున్నవాళ్ళు "ఇంకోటి, ఇంకోటి" అన్నారు, నాకూ ఊపొచ్చింది. ఆరోదానికి వీపు పిల్లిలా గుండ్రంగా వంగడం నాకే తెలుస్తోంది, అయినా వదల్లేదు. నడుం ఎడమ పక్క సన్నగా ఏదో లాగినట్టయింది, పెద్ద నొప్పి కూడా కాదు. సాయంత్రానికి చెప్పులు వేసుకోవడానికి వంగలేకపోయాను. తొమ్మిది వారాలు రాడ్ ముట్టుకోలేదు. ఆ ఒక్క రెప్‌కి నేను చెల్లించింది తొమ్మిది వారాలు.

అప్పటి నుంచి నేను పాటించేదీ, అందరికీ చెప్పేదీ ఒకటే. బరువు సెట్లలో ఒకటో రెండో రెప్స్ చేతిలో మిగిలి ఉండగానే రాడ్ దించెయ్యండి. 5 చేశాక "ఇంకో రెండు వచ్చేవి" అనిపించాలి. బలం అనేది మంచి రెప్స్ ఎన్ని పోగేశారన్నదాని మీద వస్తుంది, చెడిపోయిన రెప్ లెక్కలోకి రాదు సరికదా తర్వాతి రెండు సెట్లనీ పాడు చేస్తుంది. రెప్ వేగం తగ్గిపోయినా, ఆకారం మారినా సెట్ అయిపోయినట్టే, పుస్తకంలో ఎంత రాసున్నా సరే. చివరిదాకా చెయ్యాలన్న కోరిక తీరాలంటే బైసెప్స్ లాంటి చిన్నవాటిలో చివరి సెట్‌లో చేసుకోండి, రాడ్ కింద మీరు ఇరుక్కోరు.

బరువు ఎప్పుడు పెంచాలి, ఎంత పెంచాలి?

అన్ని సెట్లూ, అన్ని రెప్స్ శుభ్రంగా వచ్చిన రోజు, తర్వాతి సారికి పెంచండి. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ అయితే 2.5 నుంచి 5 కిలోలు, బెంచ్, ప్రెస్ అయితే 1 నుంచి 2.5. మూడో సెట్‌లో 5కి 4 వస్తే ఇంకోసారి అదే బరువు చెయ్యండి. జిమ్‌లో చిన్న ప్లేట్లు లేకపోతే సొంతంగా కొనుక్కోండి. నా బ్యాగులో ఎప్పుడూ ఒక జత 1.25 ప్లేట్లు ఉంటాయి, గుడ్డలో చుట్టి. చూడ్డానికి బూరెలంత ఉంటాయి, కానీ ప్రెస్‌లో నెలల తరబడి నన్ను ముందుకి నడిపించింది అవే.

చిన్నప్పటి నుంచి దండీలు, బస్కీలు తీసేవాణ్ణి. మానెయ్యాలా?

మానక్కర్లేదు. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన కోడి రామ్మూర్తి నాయుడు గారి గడ్డ మనది, శ్రీకాకుళంలో స్టేడియానికే ఆయన పేరు ఉంది, ఇక్కడ దండీల విలువ ఎవరికీ చెప్పక్కర్లేదు. కాకపోతే 100 బస్కీలు తీసిన రోజే బరువు స్క్వాట్ పెట్టుకోకండి. వంద రెప్స్ ఓపికని పెంచుతాయి, ఐదు రెప్స్ ఎత్తే శక్తిని పెంచుతాయి, రెండూ ఒకే పూట పోటీపడితే రెండోది ఓడిపోతుంది. బరువు లేని రోజుల్లో తీసుకోండి, లేదా బరువులన్నీ అయ్యాక చివర్లో.

## బరువు పెరిగాక

మాక్స్‌లో ఇన్ని శాతంతో ఇన్ని రెప్స్ అని పట్టిక ఏదైనా ఉందా?

ఉంది. సోవియట్ యూనియన్‌లో ప్రిలేపిన్ అనే వెయిట్‌లిఫ్టింగ్ కోచ్ తమ లిఫ్టర్ల శిక్షణ వివరాల నుంచి తీసిన పట్టికని చాలా దేశాల్లో వాడుతున్నారు. మాక్స్ 100 కిలోలు అనుకుని చెప్తాను. 70 నుంచి 80 కిలోల మధ్య అయితే సెట్‌కి 3 నుంచి 6 రెప్స్, ఆ రోజు మొత్తం కలిపి 18 దగ్గర. 80 నుంచి 90 అయితే సెట్‌కి 2 నుంచి 4, మొత్తం 15 దగ్గర. 90 దాటితే సెట్‌కి ఒకటి రెండు, మొత్తం 4 నుంచి 10 లోపు.

ఇందులో నాకు నచ్చేది ఆ మొత్తం అంకె. 85 కిలోలతో 5 సెట్లు 3 చేసినా, 7 సెట్లు 2 చేసినా దాదాపు ఒకే పని. కాబట్టి నిద్ర సరిపోని రోజు మూడేసి రెప్స్‌తో ఐదు సెట్లలో చేసే పనిని మీరు రెండేసి రెప్స్‌గా విడగొట్టుకుని ఎక్కువ సెట్లలో పూర్తి చెయ్యొచ్చు, రెప్ నాణ్యత తగ్గదు. ఇది స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ (రాడ్‌ని ముందు భుజాల దాకా, తర్వాత తల పైకి ఎత్తడం) కోసం తయారైన పట్టిక, స్క్వాట్, బెంచ్‌లకి ఇంకొంచెం ఎక్కువ చేసినా ఒళ్ళు తట్టుకుంటుంది.

స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ పది రెప్స్ ఎందుకు చెయ్యనివ్వరు?

అవి బలంతో పాటు వేగం, గురి మీద ఆధారపడే ఎత్తులు. నేల మీద నుంచి తల పైకి రాడ్ వెళ్ళడానికి పట్టేది రెప్పపాటు కాలం, అందులో రాడ్ ఒంటికి రెండంగుళాలు దూరమైతే చాలు వెనక్కో ముందుకో పడిపోతుంది. నాలుగో రెప్‌కే అలసట వల్ల ఆ గురి తప్పుతుంది. అందుకే 1, 2, మహా అయితే 3 రెప్స్, సెట్లు మాత్రం ఎక్కువ. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడకి వెళ్ళి చూడండి, ఊరు ఊరే వెయిట్‌లిఫ్టింగ్‌కి పేరు, కామన్వెల్త్ పతకం తెచ్చిన మత్స సంతోషి ఆ ఊరి అమ్మాయే. బరువు సెట్లలో ఒకటి రెండు రెప్స్, రాడ్ దింపి, సుద్ద రాసుకుని, మళ్ళీ మొదటి నుంచి పాదాలు సర్దుకోవడం, ఆ సర్దుకోవడం కూడా సాధనలో భాగమే. కొత్తగా నేర్చుకునే పిల్లలకైతే చాలాకాలం కర్రతోనో ఖాళీ రాడ్‌తోనో నేర్పాలి.

డెడ్‌లిఫ్ట్‌కి ఒకటి రెండు సెట్లు చాలంటారు, స్క్వాట్‌కేమో ఐదు. ఎందుకు ఆ తేడా?

డెడ్‌లిఫ్ట్‌లో మనం ఎత్తే బరువు మిగతావాటికన్నా ఎక్కువ, ప్రతి రెప్ నేల మీద నిశ్చలంగా ఉన్న రాడ్‌తో మొదలవుతుంది, నడుం, పట్టు రెండూ త్వరగా అలిసిపోతాయి. పైగా స్క్వాట్ చేసిన రోజు నడుం అప్పటికే పని చేసి ఉంటుంది. బరువుగా చేసేవాళ్ళు వారానికి ఒకసారి, ఒకటి నుంచి మూడు గట్టి సెట్లు, 3 నుంచి 5 రెప్స్ చేస్తే సరిపోతుంది. ఇంకా చెయ్యాలనిపిస్తే బరువు పావు వంతు తగ్గించి రెండు సెట్లు కలపండి.

అన్ని సెట్లూ ఒకే బరువుతో చెయ్యాలా, పిరమిడ్‌లా పెంచుకుంటూ పోవాలా?

రెండూ పనిచేస్తాయి. నాకు బాగా కుదిరింది మూడోది. వార్మప్ అయ్యాక ఆ రోజు ఒక గట్టి సెట్, ఉదాహరణకి 100తో 3 రెప్స్. తర్వాత బరువు 10 నుంచి 15 శాతం తగ్గించి, 87.5తో 3 లేదా 4 సెట్లు 5 రెప్స్. ఒళ్ళు తాజాగా ఉన్నప్పుడు పెద్ద బరువు తగులుతుంది, ఆ తర్వాత పని కూడా సరిపడా జరుగుతుంది. 12, 10, 8, 6, 4 అని కొట్టుకుంటూ వెళ్ళే పిరమిడ్‌లో పెద్ద బరువు దగ్గరికి వచ్చేసరికి ముప్పై ఆరు రెప్స్ అయిపోయి ఉంటాయి, బలం కోసం అది నేను చెప్పను.

వారానికి మొత్తం ఎన్ని సెట్లు అయితే చాలు?

ఒక్కో పెద్ద కండ భాగానికి వారానికి 10 గట్టి సెట్లు మంచి మొదలు, కొత్తవాళ్ళు అంతకన్నా తక్కువ చేసినా పెరుగుతారు. అన్నీ ఒకే రోజు కాకుండా రెండు మూడు రోజులకి పంచండి. అనుభవం ఉన్నవాళ్ళు 15 దాకా వెళ్తారు, కానీ ఎక్కువ సెట్లు ఎక్కువ తిండినీ, ఎక్కువ నిద్రనీ అడుగుతాయి. అవి ఇవ్వలేనప్పుడు సెట్లు పెంచడంలో లాభం లేదు.

ఆడవాళ్ళకి లెక్క వేరుగా ఉంటుందా?

సూత్రం ఒకటే. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి గారు పెరిగింది ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో. "ఆడపిల్లకి బరువులెందుకు" అనే మాట ఈ జిల్లాల్లో ఎవరూ అనకూడదు. రెండు చిన్న తేడాలు మాత్రం గమనించాను. ఒకే శాతం బరువుతో ఆడవాళ్ళు చాలామంది మగవాళ్ళకన్నా ఒకటి రెండు రెప్స్ ఎక్కువ చెయ్యగలరు. రెండోది, ప్రెస్ 20 కిలోలతో చేస్తున్న అమ్మాయికి 2.5 కిలోల పెంపు అంటే ఎనిమిదో వంతు, చాలా పెద్ద అంగ. అరకిలో, కిలో ప్లేట్లు దొరికేలా చూడండి, లేకపోతే అదే బరువుతో ముందు 5 నుంచి 8 రెప్స్ దాకా పెంచుకుని అప్పుడు బరువు మార్చండి.

## ఆగిపోయినప్పుడు, అడ్డంకులు వచ్చినప్పుడు

రెండు నెలలుగా అదే బరువు దగ్గర ఆగిపోయాను. సెట్లు పెంచనా, రెప్స్ పెంచనా?

ముందు పుస్తకం తీసి గత మూడు వారాలు చూడండి, చాలాసార్లు జవాబు అక్కడే ఉంటుంది. ప్రతి సారీ మాక్స్‌కి దగ్గరగా ఎత్తాలని చూస్తున్నారా? అయితే 10 శాతం తగ్గించి మళ్ళీ మెట్టు మెట్టుగా ఎక్కండి. ప్రతి రోజూ ఒకటే 5x5 చేస్తున్నారా? అయితే వారంలో ఒక రోజు బరువుగా 5 సెట్లు 3, ఒక రోజు తేలిగ్గా 3 సెట్లు 5, ఒక రోజు మధ్యస్థంగా 4 సెట్లు 6 అని మార్చండి. నిద్ర ఆరు గంటలు దాటడం లేదా, తిండి సరిపోవడం లేదా, అప్పుడు ఏ సెట్ల లెక్కా పనిచెయ్యదు. పొద్దున్న చోడి అంబలి తాగి వచ్చి, మధ్యాహ్నం అన్నం, చారుతో సరిపెట్టేస్తే కండకి కావలసిన మాంసకృత్తులు ఎక్కడి నుంచి వస్తాయి? గుడ్లు, చేపలు, పప్పు, ఉలవలు, పెరుగు, మీకు కుదిరింది ప్రతి పూటా కంచంలో ఉండాలి.

వారం మానేస్తే ఉన్న బలం పోతుందా? పండగలకి ఏం చెయ్యాలి?

వారానికి పోదు, రెండు వారాలకి కూడా పెద్దగా పోదు. నిజానికి ఆరు నుంచి ఎనిమిది వారాలకి ఒకసారి తేలిక వారం కావాలి, దాన్నే డీలోడ్ అంటారు. బరువు అలాగే ఉంచి లేదా కొంచెం తగ్గించి, సెట్లు సగానికి కొయ్యండి. నేనైతే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం వారం, సంక్రాంతి వారం ముందే పుస్తకంలో డీలోడ్ అని రాసేసుకుంటాను, చుట్టాలు వస్తారు, రాత్రి నిద్ర ఉండదు, ఎలాగూ బరువు కుదరదు. పండగయ్యాక మొదటి రోజు 10 శాతం తక్కువతో మొదలుపెడితే రెండో వారానికి పాత బరువు దగ్గరికి వచ్చేస్తారు.

కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి పరిగెడుతున్నాను. బరువులు మానాలా?

మానకండి, తగ్గించండి. 1600 మీటర్ల పరుగు సాధన చేసే కాలంలో వారానికి రెండు రోజులు చాలు, స్క్వాట్ 3 సెట్లు 3 రెప్స్, డెడ్‌లిఫ్ట్ ఒక సెట్, ప్రెస్ 3 సెట్లు. పది, పదిహేను రెప్స్ సెట్లు ఈ కాలంలో వద్దు, కాళ్ళు పట్టేసి మర్నాడు పరుగు పాడవుతుంది. గట్టి పరుగున్న రోజే సాయంత్రం బరువులు పెట్టుకుంటే, మర్నాడు పూర్తిగా విశ్రాంతి దొరుకుతుంది.

పగలంతా పొలంలోనో మూటల దగ్గరో పని. సాయంత్రం ఎంత చెయ్యాలి?

పగటి పనిని కూడా సెట్లలాగే లెక్కలో వేసుకోండి. కోతల రోజుల్లో, బస్తాలు మోసే రోజుల్లో ప్రతి వ్యాయామానికీ రెండు సెట్లే, నడుం మీద బరువు పడేవి ఒక్కటే. మా దగ్గరికి వచ్చే ఒక కలాసీ తమ్ముడు డెడ్‌లిఫ్ట్ వారానికి మూడుసార్లు చేసేవాడు, నడుం నొప్పి పోయేది కాదు. డెడ్‌లిఫ్ట్ వారానికి ఒక్కసారి, ఆదివారం మాత్రమే చేయించాం. నొప్పి తగ్గింది, బరువు కూడా పెరిగింది.

ఎండాకాలం ఒక్క సెట్‌కే ఒళ్ళు తడిసిపోతోంది. ఏం మార్చాలి?

మన వైపు ఎండకి సముద్రపు ఉక్క కూడా తోడవుతుంది, చెమట ఆరదు. వేళ మార్చండి, పొద్దున్న ఏడు లోపు ముగించండి. విరామం ఒక నిమిషం పెంచి, ఒక సెట్ తగ్గించండి, బరువు తగ్గించకండి. ఉప్పు వేసిన మజ్జిగ ముందూ తర్వాతా తాగండి. కళ్ళు తిరిగినా, చెమట ఆగిపోయినా అక్కడితో ఆపేసి నీడకి వెళ్ళాలి.

నాకు 46 ఏళ్ళు, బీపీ మందు వాడుతున్నాను. బరువు సెట్లు చెయ్యొచ్చా?

ముందు డాక్టర్ గారిని అడగండి, ఇది మాట వరసకి చెప్పడం కాదు. బరువుగా ఎత్తేటప్పుడు ఊపిరి బిగపట్టడం వల్ల ఆ కొద్ది క్షణాలు రక్తపోటు బాగా పైకి వెళ్తుంది. డాక్టర్ సరే అంటే 8 నుంచి 12 రెప్స్ తేలిక నుంచి మధ్యస్థ బరువు, మూడు రెప్స్ చేతిలో మిగిలేలా, ఎత్తేటప్పుడు ఊపిరి వదులుతూ. ఒకటి రెండు రెప్స్ మాక్స్‌ల జోలికి వెళ్ళకండి.

ఏది మామూలు నొప్పి, ఏది ఆగవలసిన నొప్పి?

కండ మధ్యలో, రెండు పక్కలా సమానంగా, రెండు మూడు రోజుల్లో తగ్గేది మామూలుది. కీలు దగ్గర, ఒక పక్కే, పొడిచినట్టు, కాలిలోకో చేతిలోకో పాకేది అయితే ఆపి చూపించుకోండి.

## పోటీకి ముందు

జిల్లా పోటీ ఇంకా రెండు వారాలుంది. సెట్లు ఎలా తగ్గించాలి?

చివరి పెద్ద బరువు పోటీకి 8 నుంచి 10 రోజుల ముందు ఎత్తెయ్యండి, అది కూడా మొదటి ప్రయత్నానికి అనుకున్న బరువు దాకానే. ఆ తర్వాత సెట్లు సగం చెయ్యండి. చివరి వారంలో 80 శాతంతో 3 సెట్లు 2 రెప్స్, ఒకటి రెండు రోజులు, అంతే. ఈ వారంలో కొత్త బలం రాదు, ఉన్నది బయటికి రావాలంటే అలసట తీరాలి. పోటీకి ముందు రెండు రోజులు రాడ్ ముట్టుకోకపోయినా ఏమీ కాదు, టెన్షన్ పడకండి.

మొదటి ప్రయత్నం ఎంత పెట్టాలి? మూడూ ఎలా పంచుకోవాలి?

ఒక్కో ఎత్తుకి మూడు ప్రయత్నాలు ఉంటాయి. మొదటిది జిమ్‌లో ఏ రోజైనా, నిద్ర లేకపోయినా, ఎత్తగలిగే బరువు, మాక్స్‌లో 90 శాతం దగ్గర. అది వస్తే మీ పేరు పక్కన ఒక అంకె పడినట్టే. రెండోది 95 నుంచి 97 శాతం. మూడోది రెండోది ఎలా వచ్చిందో చూసుకుని, పక్కవాళ్ళ బరువులు చూసుకుని. సిడ్నీలో మల్లీశ్వరి గారు 130 ఎత్తాక బంగారం కోసం 137.5కి వెళ్ళారు, అది కుదరలేదు. అంత పెద్ద వేదిక మీద, పతకాల లెక్క తల మీద ఉన్నప్పుడు ఆ అంగ అవసరమైంది. మీ మొదటి జిల్లా పోటీలో ఆ అవసరం ఉండదు, మూడోదానికి రెండు మూడు కిలోల అంగ చాలు. మూడు బరువులూ ముందు రాత్రే ఒక చీటీ మీద రాసి, మీతో వచ్చే మనిషి చేతికి ఇచ్చెయ్యండి. పేరు పిలిచే వేళకి మీరు సుద్ద రాసుకుంటూ ఉంటారు, బల్ల దగ్గరికి వెళ్ళి అంకె చెప్పవలసింది ఆ మనిషే.